తెలీదండీ, పదండి చూద్దాం

రుచితకు ప్రశ్నలెక్కువ. "పుట్టగానే పిల్లలందరూ ఏడుస్తారు, ఇది మాత్రం ఎందుకని అడిగింది" అని వాళ్ళమ్మ కనకలక్ష్మి కొండపల్లిలో ఇరుగుపొరుగు వాళ్ళకు చెప్పి నవ్విస్తుంటుంది. నజీమాకు నవ్వెక్కువ. విజయవాడలో ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఇద్దరిదీ ఒకే బెంచీ. రుచిత ప్రశ్నకు లెక్చరర్ తడబడినప్పుడల్లా నజీమా చున్నీలో మొహం దాచుకుని నవ్వేది. క్లాసు బయటికి మాత్రం ఇద్దర్నీ కలిపే పంపేవాళ్ళు.

ఆ ఎండాకాలం ఇంటర్ ఫలితాలొచ్చాయి, ఎంసెట్ ర్యాంకులూ వచ్చాయి. రుచిత కంప్యూటర్ సైన్స్ చదవాలని ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగానే చుట్టాలంతా కలిసి తేల్చేశారు. నజీమా సంగతి ఎవరూ తేల్చలేదు. వన్ టౌన్‌లో వాళ్ళ నాన్న రహ్మాన్‌కు లస్సీ, ఫలూదా అమ్మే కొట్టుంది. కొట్టుకు రెండు సందుల అవతల ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ బీకాంలో చేరితే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చని ఇంట్లో అనుకున్నారు. నజీమా సరే అనలేదు, కాదనీ అనలేదు. నీకేం చదవాలనుందని ఎవరన్నా అడిగితే నవ్వేసేది. నిజానికి ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు.

అమరవల్లి యూనివర్సిటీ గన్నవరం దాటాక, హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారిలో ఉంటుంది. కొత్తగా చేరాలనుకునేవాళ్ళు శనివారం వచ్చి క్యాంపస్ అంతా చూడొచ్చని, చదువుల గురించీ హాస్టళ్ళ గురించీ ఏమైనా అడగొచ్చని పేపర్లో ప్రకటన వేశారు. "ఏమైనా అడగొచ్చంటే!" అని రుచిత ఫోన్‌లో అరిచినప్పుడు నజీమాకు ఆ యూనివర్సిటీ మీద జాలేసింది. నవ్వుకోవడానికి మంచి అవకాశమని తనూ బయల్దేరింది.

ఇద్దరూ చిలకపచ్చ కుర్తీలు వేసుకున్నారు. క్లాసులో ఒకమ్మాయి వాళ్ళక్క పెళ్ళికని ఒకే తానులోంచి కుట్టించుకున్నవి. తోడుగా కనకలక్ష్మి వచ్చింది. బస్సు బెంజ్ సర్కిల్ దాటినప్పటి నుంచీ రుచిత అడగబోయేవన్నీ వల్లె వేస్తూనే ఉంది. ముందు సీట్లో వాళ్ళమ్మ కునుకు తీస్తోందని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఒకటి మాత్రం ఎట్టా అడగాలో తెలీట్లేదే. చేరాక నచ్చకపోతే ఏం చెయ్యాలి అని."

"అట్టాగే అడుగు."

"అమ్మ పక్కనే ఉంటదిగా!"

నజీమా కిటికీలోకి తిరిగి నవ్వుకుంది.

యూనివర్సిటీ గేటు దగ్గర తిరనాళ్ళలా ఉంది. కార్లు, ఆటోలు, ఊళ్ళ నుంచి మాట్లాడుకుని వచ్చిన మినీ బస్సులు. ఎండలో తిరగలేని పెద్దవాళ్ళు ఆడిటోరియంలో కూర్చోవచ్చని, అక్కడ ఏసీ ఉందని, మజ్జిగ కూడా ఇస్తున్నారని ఎవరో చెప్పారు. "అయితే మీరు చూసి రండే, నేను అక్కడుంటా" అని కనకలక్ష్మి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అప్పుడే ఒక చేతిమైకు వాళ్ళ వైపు తిరిగింది.

"హలో! చిలకపచ్చ! మీరిద్దరే! ఎక్కడికి పోయారు ఇంతసేపు?"

రుచిత వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. మైకు పట్టుకున్నతను పవన్‌కుమార్ అని, మూడో సంవత్సరం విద్యార్థి అని, ఆ రోజు వాలంటీర్లందరికీ అతనే పెద్ద అని అతని మెళ్ళో వేలాడే బ్యాడ్జి చెబుతోంది. గొంతు పొద్దున్నే పోయినట్టుంది, మైకులోంచి కూడా బొంగురుగానే వస్తోంది. దూరంగా తిరుగుతున్న మిగతా వాలంటీర్లను అప్పుడు చూశారు ఇద్దరూ. అందరివీ చిలకపచ్చ కుర్తీలే.

"బ్యాడ్జీలేవి? సర్లే, పోనీండి. ఏడో బ్యాచి ఇందాకటి నుంచి ఎండలో నిలబడుంది. ఇదిగో జెండా."

"అది కాదండీ, మేమసలు..." అంది రుచిత.

"సంజాయిషీలు తర్వాత." పవన్‌కుమార్ జెండా ఆమె చేతిలో పెట్టి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్న నజీమాను చూశాడు. "నువ్వు బాగా నవ్వుతున్నావ్. వెరీ గుడ్. సాయంత్రం దాకా అట్టాగే ఉండు." అని ఇంకో వైపు పరిగెత్తాడు.

ఏడో బ్యాచి వాళ్ళ చుట్టూ మూగింది. అందరికంటే ముందు ఒక పెద్దాయన నిలబడ్డాడు. తెల్లపంచె, చంకలో గొడుగు. పేరు బసవపున్నయ్య. అవనిగడ్డ దగ్గర వ్యవసాయం. పక్కనే మనవడు కిరీటి, తాతకు వీలైనంత దూరంగా నిలబడాలని చూస్తున్నాడు.

"మీరేనామ్మా చూపించేది? నాదొక్కటే ప్రశ్న," అన్నాడు బసవపున్నయ్య. "ఇక్కడ పెరుగు ఎట్టా ఉంటది?"

"తాతయ్యా!" అన్నాడు కిరీటి.

"ఏరా? నాలుగేళ్ళు తినాల్సింది నువ్వేగా. కంప్యూటర్లు ఎక్కడైనా కంప్యూటర్లే. పెరుగు అట్టా కాదు."

రుచిత నజీమా చెవిలో గబగబా అంది: "మనం గైడులం కాదని చెప్పేద్దాం."

"చెప్పు మరి."

రుచిత నోరు తెరిచింది. ఇంతలో గుడివాడ నుంచి కూతుర్ని తీసుకొచ్చిన మార్త అనే ఆవిడ ముందుకొచ్చింది. "రాత్రిపూట పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారమ్మా? నేను నర్సుని, ఆ సంగతి తేలనిదే నాకు నిద్రపట్టదు."

"అది నేనూ అడగాలనుకున్నానండీ!" అంది రుచిత. అన్నాక నాలిక్కరుచుకుంది.

అందరూ నజీమా వైపు చూశారు. నజీమాకు నవ్వాగలేదు గానీ, అబద్ధం చెప్పడం కూడా చేతకాలేదు. "మాకు తెలీదండీ," అంది. "పదండి చూద్దాం."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. బసవపున్నయ్యయితే గొడుగు విప్పి, "అదీ మాట. పద," అన్నాడు.

అలా మొదలైంది. హెల్త్ సెంటర్ ఎక్కడుందో దారిన పోయే తోటమాలిని అడిగి వెళ్ళారు. మార్త లోపలికి దూరి బీపీ మిషను పనిచేస్తోందో లేదో తన చేతికే పెట్టుకుని చూసుకుంది. అంబులెన్సు ఉందా, డ్రైవరు రాత్రి ఇక్కడే పడుకుంటాడా అని అడిగింది. అక్కడి నర్సు అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి తన నైట్ డ్యూటీ కష్టాలు మొదలుపెట్టింది. ఇద్దరు నర్సులూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చుండిపోతే, మార్త కూతురు వెళ్ళి తల్లిని లాక్కురావాల్సి వచ్చింది.

లైబ్రరీలో రుచిత విజృంభించింది. మొదటి సంవత్సరం వాళ్ళకు పుస్తకాలు ఇంటికిస్తారా, పరీక్షల ముందు ఎప్పటిదాకా తెరిచి ఉంచుతారు, తెలుగు మీడియంలో చదివొచ్చిన వాళ్ళకు ఇంగ్లీషు క్లాసులు విడిగా ఉన్నాయా... లైబ్రేరియన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చాలా సంతోషమమ్మా. ఇన్నేళ్ళలో వాలంటీర్లు ఇవన్నీ నన్నడగడం ఇదే మొదటిసారి," అన్నాడు. నజీమా ఒక బీరువా వెనక్కి వెళ్ళి నవ్వి వచ్చింది.

అబ్బాయిల హాస్టల్లో అసలు గొడవ జరిగింది. చూపించడానికి ఒక గది తెరిచి పెట్టారు. రెండంతస్తుల మంచాలు. పై మంచం మీద పడుకుంటే ఫ్యాన్ తగులుతుందేమోనని బసవపున్నయ్యకు అనుమానం వచ్చింది. వార్డెన్ తగలదని చెప్పాడు. ఆయన నమ్మలేదు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, ఎవరూ ఆపేలోపే నిచ్చెనెక్కి పైన వెల్లకిలా పడుకున్నాడు.

"తగల్దు," అన్నాడు పైనుంచి. "గాలి కూడా బాగానే ఉంది."

"సరే, దిగండి తాతగారూ," అంది రుచిత.

పైన మంచం అటూ ఇటూ కిర్రుమంది.

"ఎక్కేటప్పుడు నిచ్చెన కనిపించింది," అన్నాడు బసవపున్నయ్య. "ఇప్పుడు కనిపించట్లా."

కిరీటి గోడకేసి తల ఆనించుకున్నాడు. వార్డెన్ ఒక కాలు పట్టుకున్నాడు, మార్త ఇంకో కాలు పట్టుకుంది. "కుడికాలు కిందకి పెట్టండి, కాదు, మీ కుడి" అని రుచిత దారి చెబుతోంది. నజీమా సాయం చెయ్యాలనే వెళ్ళింది గానీ కింది మంచం మీద కూలబడి కడుపు పట్టుకుంది. చివరికి పెద్దాయన నేల మీద కాలు పెట్టగానే వరండాలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆయన కండువా సర్దుకుని అందరికీ నమస్కారం పెట్టాడు. ఆ చప్పట్లు విని మిగతా బ్యాచిల వాళ్ళు ఏమైందో చూద్దామని వచ్చి, ఇక్కడే బాగుందని ఉండిపోయారు. అక్కణ్ణుంచి కదిలేసరికి ఏడో బ్యాచి రెట్టింపయింది.

సివిల్ ఇంజనీరింగ్ భవనం నీడలో నడుస్తుండగా కిరీటి మెల్లగా రుచిత పక్కకొచ్చాడు.

"అక్కా, ఒకటడగనా? తాతయ్యతో చెప్పొద్దు. మేథ్స్ తప్పితే ఏమవుద్ది? లేకపోతే... తీసుకున్న బ్రాంచి అసలు నచ్చకపోతే?"

రుచిత అక్కడే ఆగిపోయింది. వెనకవాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. పొద్దున బస్సులో, ఎలా అడగాలో తెలియక తను గొణుక్కున్న ప్రశ్న అది. ఈ అబ్బాయి ఎంత సులువుగా అడిగేశాడు!

"నాకు తెలీదు," అంది. "కానీ ఇది తెలుసుకోకుండా మాత్రం నేను ఇక్కణ్ణుంచి కదల్ను."

మెట్ల మీద ఒకమ్మాయి కూర్చుని మామిడికాయ ముక్కలు తింటోంది. రెండో సంవత్సరం అట, పేరు తబస్సుం. రుచిత జెండా పట్టుకుని నేరుగా ఆమె ముందు నిలబడి అడిగేసింది. తబస్సుం ఉప్పూకారం అంటిన వేళ్ళు చూసుకుంటూ నవ్వింది.

"సరైన మనిషినే అడిగారు. ఫస్ట్ సెమిస్టర్‌లో మేథ్స్ తప్పాను నేను. ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను, మా ఫ్రెండ్స్‌ని పట్టుకుని ఏడ్చాను, లెక్కల సార్ దగ్గర కూడా ఏడ్చాను. ఆయన టిష్యూ ఇచ్చి, రోజూ సాయంత్రం వచ్చి కూర్చోమన్నారు. సప్లీ రాసి పాసయ్యాను. ఏం కాలేదు, చూడు, మామిడికాయ తింటున్నాను."

"మరి బ్రాంచి?" అంది రుచిత.

"నేను చేరింది కంప్యూటర్స్‌లో. నచ్చలా. మా నాన్న బండి మీద తాడేపల్లి వెళ్ళేటప్పుడల్లా బ్యారేజీ గేట్లు చూస్తా కూర్చునేదాన్ని, నాకు అదే పిచ్చి. ఫస్టియర్ అయ్యాక సీట్లు ఖాళీ ఉంటే మార్కుల్ని బట్టి మారనిస్తారు. సివిల్‌కి మారాను. అందరికీ దొరకదు, ముందే చెబుతున్నా. కానీ దారైతే ఉంది."

కిరీటి గట్టిగా ఊపిరి వదిలాడు. రుచిత కూడా వదిలింది. తనకు కంప్యూటర్స్ ఇష్టం లేదని కాదు. ఎవరో మూసిన గదిలో కూర్చోమన్నట్టు ఉండేది ఇన్నాళ్ళూ. తలుపుందని తెలిసేసరికి, ఆ గదిలో హాయిగానే కూర్చోవచ్చనిపించింది. ఎందుకో చెప్పలేనంత సంతోషం వచ్చి, జెండా పైకెత్తి గిరగిరా తిప్పింది. వెనకున్నవాళ్ళకు ఏం అర్థమైందో గానీ వాళ్ళూ "హే!" అన్నారు.

మెస్ తెరిచే వేళయింది. బసవపున్నయ్య ఇప్పుడు అందరికంటే ముందు నడుస్తున్నాడు. మెస్ నడిపే అమలమ్మ గుమ్మంలో ఇంతమందిని చూసి, "వామ్మో, ఏడో బ్యాచేనా ఇదంతా?" అంది. పెద్దాయన విషయం చెప్పాడు. ఆవిడ నవ్వి, ఒక గిన్నె పెరుగు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన గిన్నెను పక్కకు వంచాడు. కదల్లేదు. పూర్తిగా బోర్లించాడు. కింద కిరీటి చేతులు పట్టాడు గానీ, పడలేదు. జనం ఊపిరి బిగబట్టారు. ఆయన చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఒరే కిరీటీ," అన్నాడు. "నువ్వు ఇక్కడే చేరతన్నావ్."

"ఎట్టా తోడేస్తారమ్మా?" అని మార్త అడిగింది.

"నేను కాదండీ," అంది అమలమ్మ. "ఫుడ్ టెక్నాలజీ పిల్లలు చేసి పంపుతారు. వాళ్ళ చదువే అది."

నజీమా నవ్వు ఆగింది. పొద్దున్నుంచీ మొదటిసారి.

"పెరుగు చెయ్యడం చదువా?" అంది.

"పెరుగూ, పాలపొడీ, జామూ, బిస్కట్టూ... ఏవేవో చేస్తారమ్మా. నువ్వు ఇక్కడి పిల్లవేగా, తెలీదా?"

నజీమా అప్పటికే బయటికి నడుస్తోంది. ఈసారి ఎవరూ అడక్కుండానే, "పదండి చూద్దాం," అంది.

ఫుడ్ టెక్నాలజీ ల్యాబులోకి వెళ్ళాలంటే జుట్టు కనిపించకుండా పల్చటి ప్లాస్టిక్ టోపీ పెట్టుకోవాలి. అంతమంది ఒకేసారి పట్టరు కాబట్టి కొందరు బయటే ఆగారు. టోపీలో బసవపున్నయ్యను చూసి కిరీటి ఫోటో తీశాడు. తాత కూడా టోపీ సరిచేసుకుని ఇంకోటి తియ్యమన్నాడు. లోపల స్టీలు పాత్రలు, గొట్టాలు, గాజు తలుపుల వెనక వరసగా పెరుగు గిన్నెలు. ప్రొఫెసర్ తెరేసమ్మ గారు చీర మీద తెల్లకోటు వేసుకుని, ఏదో చేస్తూ తలెత్తారు.

"రండి, రండి. ఏమన్నా అడుగుతారా?"

మామూలుగా అయితే రుచిత అడగాలి. రుచిత నోరు తెరిచింది కూడా. కానీ పక్క నుంచి నజీమా గొంతు వినిపించింది.

"మేడమ్, మాకు లస్సీ కొట్టుంది. అవే పాలు, అదే తోడు, అదే కుండ. ఒక్కోరోజు పెరుగు కమ్మగా ఉంటది. ఒక్కోరోజు తీగలు సాగుతది, గరిటెతో ఎత్తితే కిందకి దారంలాగా. మా నాన్న పాలవాణ్ణి తిడతాడు. పాలవాడు ఎండని తిడతాడు. అసలెందుకు అట్టా అవుద్ది?"

తెరేసమ్మ గారు చేతిలోది పక్కన పెట్టారు. "మీ ఇంట్లో తోడు ఎప్పుడు మారుస్తారు?"

"మార్చరు మేడమ్. మా నానమ్మ కాలం నుంచీ అదే."

"అబ్బో!" అన్నారావిడ, ఆ మాట నిజంగానే సంతోషంగా అన్నారు. "ఇటు రా."

ఆవిడ ఒక గాజు పలక మీద కొంచెం పెరుగు పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమన్నారు. నజీమా కన్ను ఆనించింది. మొదట తన కనురెప్పలే కనిపించాయి. తర్వాత, ఊదారంగులో, సన్నటి పూసలదండలు. వాటి మధ్య చిన్న చిన్న పుల్లలు. కొన్ని విడిగా, కొన్ని గుంపులుగా, వన్ టౌన్‌లో సాయంత్రం జనంలా.

"ఆ దండలూ పుల్లలే పాలను పెరుగు చేసేవి," అన్నారు తెరేసమ్మ గారు. "వీటిలో బోలెడు రకాలు. కొన్ని పులుపు పుట్టిస్తాయి, కొన్ని జిగురు పుట్టిస్తాయి. మీ కుండలో రెండు రకాలూ ఉండి ఉంటాయి. వేడి కాస్త అటూ ఇటూ అయితే ఏ రకానికి బలం వస్తుందో అది గెలుస్తుంది. పాలవాడి తప్పు కాకపోవచ్చు. కానీ మీ కుండ చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. కొంచెం తెచ్చిస్తావా?"

"నేనే చూడొచ్చా? దీంట్లో?"

"చూడాలంటే మా బ్రాంచిలో చేరాలి మరి."

నజీమా మైక్రోస్కోప్ మీంచి తలెత్తలేదు. వెనక జనం తమకూ చూపించమంటున్నారు. "ఒక్క నిమిషమండీ" అంటూనే ఉంది. రుచిత ఆమె భుజం మీద చెయ్యి వేసి వంగి చూస్తే, నజీమా కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి.

అప్పుడే బయట మైకు గరగరలాడింది. అందరూ ఆడిటోరియానికి రావాలి. ముగింపు సభ.

ఆడిటోరియం నిండిపోయింది. వేదిక మీద డీన్ జాన్‌బాబు గారు నవ్వుతూ నిలబడ్డారు. పొద్దున్నుంచీ ఏ బ్యాచి ఎలా ఉందో తనకు తెలుస్తూనే ఉందని, అన్ని బ్యాచిల వాళ్ళూ ఏడో బ్యాచిలోకి వెళ్ళిపోయారని ఫిర్యాదులు వచ్చాయని చెప్పారు. అందరూ నవ్వారు. "ఆ ఇద్దరు వాలంటీర్లూ ఒకసారి పైకి రావాలి," అన్నారు.

రుచిత జెండాను వెనక్కి దాచింది. జనం వెనక నుంచి తోశారు. పవన్‌కుమార్ గర్వంగా మెట్ల దాకా నడిపించాడు. ఇద్దరూ వేదికెక్కారు.

"పేరేంటమ్మా? ఏ సంవత్సరం?" అన్నారు డీన్ గారు, మైకు రుచిత ముందు పెట్టి.

రుచితకు జీవితంలో మొదటిసారి మాట రాలేదు. ఈలోగా మూడో వరసలో, ఏసీ గాలికి హాయిగా నిద్రపోయి అప్పుడే లేచిన కనకలక్ష్మి కళ్ళు నులుముకుని, లేచి నిలబడింది.

"ఒసే రుచితా! పైకెందుకెక్కావే? ఏం చేశావ్?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. నజీమా ఇక దాచలేదు. మైకు తన వైపు లాక్కుంది. "సార్, మేం ఇంకా చేరనే లేదు సార్. మేమూ చూడ్డానికే వచ్చాం. చెప్పబోతుంటే జెండా ఇచ్చారు."

డీన్ గారు పవన్‌కుమార్ వైపు చూశారు. పవన్‌కుమార్ తన చేతిమైకు వైపు చూసుకున్నాడు. "మరి ఏడో బ్యాచి వాలంటీర్లు ఏరయ్యా?" అని అడిగితే, వాళ్ళిద్దరూ పొద్దున్నుంచీ వెనక గేటు దగ్గర జెండా కోసం ఎదురు చూస్తున్నారని ఎవరో చెప్పారు. అంతే, హాలు ఘొల్లుమంది. డీన్ గారు బల్ల మీద చెయ్యి వేసుకుని నవ్వారు. కళ్ళజోడు జారిపోతే పట్టుకోలేకపోయారు.

బసవపున్నయ్య లేచాడు. టోపీ ఇంకా ఆయన తల మీదే ఉంది.

"అయ్యా, వాళ్ళని ఏవనమాకండి. మొదట్లోనే చెప్పారు మాకు, తెలీదండీ అని. మేవే వినిపించుకోలా."

"నేనేమీ అనటం లేదండీ," అన్నారు డీన్ గారు కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత అమ్మాయిల వైపు తిరిగారు. "ఇంతకీ మీరిద్దరూ అడగాల్సినవి అడిగారా? ఇంకేమన్నా ఉన్నాయా?"

రుచితకు గొంతు తిరిగొచ్చింది. "ఉన్నాయి సార్. ఒక పది నిమిషాలు పడుతుంది."

పది నిమిషాలతో ఆగలేదు.

సాయంత్రం బస్సులో కనకలక్ష్మి ఇద్దర్నీ తిట్టింది, మధ్యమధ్య తనే నవ్వింది. బ్రాంచి మారొచ్చా అని వేదిక మీద తన కూతురు డీన్‌నే అడిగిందన్న సంగతి గన్నవరం దగ్గర గుర్తొచ్చి, "నీకు కంప్యూటర్స్ ఇష్టం లేదా ఏంటే?" అంది. "ఇష్టమేనమ్మా. ఇప్పుడింకా ఇష్టం," అంది రుచిత. ఆవిడకు అర్థం కాలేదు గానీ, పోన్లే అనుకుంది.

నజీమా వన్ టౌన్‌లో దిగి నేరుగా కొట్టుకు నడిచింది. శనివారం సాయంత్రం, కొట్టు ముందు జనం. రహ్మాన్ ఒక చేత్తో లస్సీ చిలుకుతూ, ఇంకో చేత్తో ఫలూదా గ్లాసుల్లో సేమియా వేస్తున్నాడు. నజీమా కౌంటరు లోపలికి దూరి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. జెండా, పై మంచం, పూసలదండలు, తెరేసమ్మ మేడమ్, అన్నీ.

"ఫుడ్ టెక్నాలజీ చదువుతాను అబ్బా," అంది తండ్రితో.

రహ్మాన్ కవ్వం ఆపాడు. "అది చదివితే ఏమవుతారు బేటా?"

ఆయన అడిగింది ఒకటే. లస్సీ కోసం నిలబడ్డవాళ్ళు మిగతావి అడిగారు. ఆటో నడిపే జాకీర్, ఐస్‌క్రీం కూడా నేర్పుతారా అన్నాడు. చీరల కొట్టులో పనిచేసే బుల్లెమ్మ, ఊరగాయకు బూజు పట్టకుండా చెయ్యడం ఉంటుందా అంది. స్కాలర్‌షిప్పు వస్తుందా, బస్సు వేస్తారా, ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు అని ఇంకెవరెవరో అడిగారు. నజీమా తెలిసినవి చెప్పింది. తెలియనివి తెలియవంది. ఆమె చెబుతున్నంతసేపూ ఎవరికీ గ్లాసు అందలేదు, ఎవరూ గొడవ చెయ్యలేదు.

రహ్మాన్ కూతుర్నే చూస్తున్నాడు. ఇంతకాలం ఏం చదువుతావంటే నవ్వి తప్పుకున్న పిల్ల, ఇప్పుడు నవ్వుతూనే నిలబడి జవాబులు చెబుతోంది.

"రోజూ ఇంటికొస్తావా, హాస్టల్లో ఉంటావా?" అన్నాడు.

ఇది క్యాంపస్‌లో ఎవర్నీ అడగలేదు నజీమా. ఎవరూ చెప్పగలిగేది కూడా కాదు. 

"హాస్టల్లో ఉంటాను అబ్బా."

రహ్మాన్ కవ్వం మళ్ళీ తిప్పాడు. ఒక గ్లాసు నింపాడు, పైన కాస్త రోజ్ సిరప్ ఒంపాడు, జాకీర్ చేతికిచ్చాడు.

"శనాదివారాలు వస్తావుగా?" అన్నాడు చివరికి. "రద్దీ అప్పుడే."

నజీమా తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. కౌంటరు మీద గరిటె దొర్లి కింద పడింది. "ముబారక్ బేటా!" అని జాకీర్ గ్లాసు పైకెత్తాడు. వరసలో వెనక నిలబడ్డ ఒకాయన, ఏం జరిగిందో తెలియకపోయినా, తనూ చప్పట్లు కొట్టాడు.

సీట్లు వచ్చాయి. రుచితకు కంప్యూటర్స్, నజీమాకు ఫుడ్ టెక్నాలజీ. హాస్టల్లో చేర్చేరోజు రహ్మాన్ కొట్టు మూసి మరీ వచ్చాడు. తెరేసమ్మ గారిని చూసి సలాం పెట్టి వెళ్ళిపోదామనుకున్నవాడు, చల్లగా ఉంచిన పాలకు ఎంత వేడి తగిలితే మీగడ బాగా కడుతుందని ఒక మాట అడిగాడు. ఆవిడ ఒక జవాబు చెప్పారు. ఆయన ఇంకోటి అడిగాడు. అమ్మాయిలిద్దరూ సామాను మోసుకుని హాస్టల్ మూడో అంతస్తు ఎక్కి, పరుపు పరిచి, పుస్తకాలు సర్దుకుని, అద్దం తగిలించుకుని తిరిగొచ్చేసరికి కూడా తెరేసమ్మ గారూ ఆయనా ల్యాబు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. రహ్మాన్ చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తుంటే, ప్రొఫెసర్ గారు తలాడిస్తున్నారు.

"మీ నాన్న ఇంటికెళ్తారా, అడ్మిషన్ తీసుకుంటారా?" అంది రుచిత.

నజీమా చున్నీలో మొహం దాచుకుంది. నవ్వుతోంది.